వైన్ షాపు అడ్రస్ తెలుసు.. మానేసేవాళ్ల మీటింగ్ ఎక్కడ?

మీ హాస్టల్‌కు దగ్గర్లో వైన్ షాపు ఎక్కడుందని అడిగితే ఫోన్ తీయకుండానే చెప్పేస్తారు. అదే ఊళ్లో, మందు మానేయాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే మీటింగ్ ఎక్కడ జరుగుతుందో చెప్పగలరా? కష్టమే. మనకెందుకులే అనుకోవచ్చు. కానీ రూమ్మేట్‌కో, అన్నయ్యకో, రేపు మనకో అవసరం పడితే?

లెక్కలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానంతో 3,396 ప్రైవేటు షాపులకు లైసెన్సులిచ్చారు. రూ.99 క్వార్టర్ కూడా అప్పుడే వచ్చింది. తెలంగాణలో షాపులు 2,620. వీటి లాటరీ జరిగితే పెద్ద వార్త. ఇక రెండో వైపు. ఎయిమ్స్ నిపుణుల ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం లేకుండా ఉండలేని స్థితికి చేరినవాళ్లు సుమారు 2.9 కోట్ల మంది. వాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికే.

సెర్చ్‌లో ఎందుకు కనపడదు?

మా బ్యాచ్‌మేట్ ఒకడికి ఆఫర్ లెటర్ వచ్చింది. జాయినింగ్‌కు ఆరు వారాల టైముంది. కానీ పొద్దున్నే మందు పడకపోతే వాడికి చేతులు వణుకుతున్నాయి. ఇద్దరం కూర్చుని వెతికాం. పైన వచ్చినవన్నీ ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల ప్రకటనలే. ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, ‘ఏ ప్యాకేజీ కావాలి?’ అని.

ఇందులో వింతేం లేదు. డబ్బు కట్టిన ప్రకటనకే పైన చోటు దొరుకుతుంది. ఉచితంగా నడిచే గ్రూపుకు ప్రకటనల బడ్జెట్ ఉండదు. అందుకే అది కనపడదు. కనపడనంత మాత్రాన లేదని కాదు.

ఆ గ్రూపుల్లో బాగా తెలిసింది ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే సర్జన్ దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో నలిగినవాళ్లే. ఫీజు లేదు. బయటివాళ్ల విరాళాలు తీసుకోరు, ఖర్చులు సభ్యులే తలా కొంత వేసుకుంటారు. చేరడానికి ఒకటే షరతు, మానేయాలన్న కోరిక. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో గ్రూపులున్నాయి. ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి.

ఇది పని చేస్తుందా? 27 అధ్యయనాలను పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష చేస్తుందనే చెప్పింది. పూర్తిగా మానేసి ఉండటంలో ఏఏ, దాని వైపు నడిపించే చికిత్సలు ఇతర పద్ధతుల కంటే మెరుగని తేల్చింది. అందరికీ నప్పుతుందని కాదు. పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంటుంది, కొందరికి అది ఇబ్బంది. నాలుగైదు మీటింగులు చూసి నిర్ణయించుకోండి.

ఎలా వెతకాలి?

ముందు డాక్టర్. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్, మతి భ్రమించడం రావొచ్చు. ప్రాణం మీదికీ రావొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో మానసిక వైద్యశాల ఉన్నాయి. ఇది మీటింగ్ చేసే పని కాదు.

తర్వాత ఫోన్. కేంద్రం నడిపే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

తర్వాత మీటింగ్. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో మీ ఊరి కాంటాక్ట్ నంబరు చూడండి. మ్యాప్‌లో కనిపించిన టైమును నమ్మి బయల్దేరొద్దు. ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: ఏ రోజు, ఏ గదిలో, ఏ భాషలో, ఓపెనా క్లోజ్డా? క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఓపెన్ మీటింగ్‌కు స్నేహితుడినీ తీసుకెళ్లొచ్చు. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అనే వేరే గ్రూపుంది.

ఉద్యోగానికి దెబ్బ అవుతుందా?

మీలో చాలామంది భయం ఇదే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడుతుందేమో అని. ఏఏలో సభ్యుల రిజిస్టరు ఉండదు, ఎవరొచ్చారో బయట చెప్పకూడదన్నది వాళ్ల నియమం. ఆసుపత్రిలో చూపించుకున్నా, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వ్యసనంతో వచ్చే సమస్యలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. వివరాలు గోప్యంగా ఉంచమనే హక్కు పేషెంటుకు ఇచ్చింది. మీ కెరీర్‌కు నిజమైన ముప్పు చికిత్స నుంచి కాదు. వణికే చేతులతో మొదటి రోజు ఆఫీసుకు వెళ్లడం నుంచి.

మావాడు ముందు ఆసుపత్రిలో చేరాడు. ఆరోగ్య కారణాలని చెప్పి జాయినింగ్ మూడు వారాలు వాయిదా వేయించుకున్నాడు. మొదటి మీటింగ్‌కు వెళ్లి గేటు దగ్గర్నుంచే వెనక్కొచ్చేశాడు. రెండోసారి నేను బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నా, వాడు లోపలికెళ్లాడు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, ప్రతి ఆదివారం మీటింగ్‌కూ వెళ్తున్నాడు.

ఈ రోజు ఒక పని చేయండి. 14446ను ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీ ఊళ్లో మీటింగ్ ఎక్కడో కనుక్కుని పెట్టుకోండి. ఏదో ఒక రాత్రి ఫ్రెండ్ ఎవరైనా ‘మానేయాలనుందిరా’ అంటే, అప్పటికప్పుడు వెతుక్కునే పని ఉండదు.