పాలు మానితే పప్పొక్కటే చాలునా?

బాన్సువాడ దగ్గరి మహమ్మద్ నగర్ నుంచి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. ఆమెకు వచ్చిన సందేహం ఈనాడు చాలా ఇళ్ళలో ఉన్నదే కాబట్టి ఈ వారం దానికే జవాబు చెబుతాను.

“డాక్టరుగారూ! మా అమ్మాయికి పెళ్ళయి రెండేళ్ళు. హైదరాబాదులో కాపురం. ఏడాదిన్నర క్రితం మాంసం, గుడ్డుతోపాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసింది. పశువులను బాధపెట్టి తెచ్చినదేదీ ముట్టనంటుంది. ఇప్పుడు ఐదో నెల. పుట్టింటికి తీసుకువచ్చాం. గర్భం రాకముందు బరువు 48 కిలోలు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు వద్దంటుంది. ‘రోజూ పప్పన్నం తింటున్నా కదమ్మా, ఇంకేం కావాలి’ అంటుంది. వాళ్ళ అత్తగారేమో, పాలు తాగకపోతే బిడ్డ బలహీనంగా పుడుతుందని ఫోనులో ఒకటే పోరు. మేము ఎవరి మాట వినాలి?”

అమ్మా! ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. పాలు, గుడ్లు లేకుండా కూడా కావలసినన్ని మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు, సంపాదించుకోవచ్చు. అది మీ అమ్మాయి పక్షం. అయితే పళ్ళెంలో పప్పు ఉన్నంతమాత్రాన అవి సరిపోయాయనుకోరాదు. అది మీ వియ్యపురాలి పక్షం. ఇక ఇద్దరూ తలచని మూడో సంగతి ఒకటుంది. అసలు భయపడవలసింది దానికే. అది చివర చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం పెద్దవారికి శరీరం బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు రోజూ కావాలి. ధాన్యాలు, పప్పుల మీదే ఆధారపడేవారు కిలోకు ఒక గ్రాము చొప్పున వేసుకొనడం క్షేమం. అంటే మీ అమ్మాయికి మామూలుగా 48 గ్రాములు. గర్భిణికి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా దీనికి పైన మరి 9.5 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు చేరుతాయి. కాబట్టి ఇప్పుడు 58 గ్రాముల దాకా, చివరి మూడు నెలలలో 70 గ్రాములు ఆమె లక్ష్యం.

ఇప్పుడు పప్పన్నం మాట. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయని పుస్తకాలు చెబుతాయి. నిజమే. కాని అది పచ్చి పప్పు లెక్క. ఉడికిన పప్పులో ముప్పాతిక వంతు నీళ్ళే. ఇంటిల్లిపాదికీ ఒక గ్లాసు పప్పు పోసి, చింతపులుసుతో పలుచగా కాచి, అన్నంలో రెండు గరిటెలు వేసుకుంటే ఒక్క మనిషి వంతుకు వచ్చే పప్పు 20 గ్రాములు దాటదు. అందులో మాంసకృత్తులు నాలుగు గ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యం తింటే మరో 21 గ్రాములు, కూరగాయల నుంచి ఇంకో మూడు. అన్నీ కలిపినా 28. అంటే కావలసిన దానిలో సగం!

చూశారా, చిక్కు పాలు మానడంలో లేదు. మానిన దాని స్థానంలో మరొకటి పెట్టకపోవడంలో ఉంది. పాలు తాగుతూ ఇదే భోజనం చేసే ఇల్లాలికీ ఈ కొరత ఉంటుంది. ఒక గ్లాసు గేదెపాలలో ఉండేది ఏడెనిమిది గ్రాములే కదా!

మరి ఏం పెట్టాలి? మీ వైపు నిజాంసాగర్ నీళ్ళతో వరి బాగా పండుతుంది కాబట్టి మూడు పూటలా అన్నమే అలవాటయింది. కాని జుక్కల్, మద్నూర్ వైపు సోయా, పెసలు, మినుములు, కందులు పండుతాయి. కొట్లో టిన్ను డబ్బా కొననక్కర లేదు. ఒక రోజు భోజనం ఇలా అమర్చండి. తూకాలన్నీ వండక ముందువి.

బియ్యం 200 గ్రాములు: 14 గ్రాముల మాంసకృత్తులు.
జొన్నపిండి 100 గ్రాములు, అంటే రెండు రొట్టెలు: 10.
కందిపప్పు లేక పెసరపప్పు 60 గ్రాములు, రెండు పూటలకు కలిపి గట్టిగా వండినది: 13.
సెనగలు, పెసలు, అలసందలు, ఉలవలలో ఏవైనా 40 గ్రాములు, గుడాలుగా: 9.
పల్లీలు 30 గ్రాములు, అంటే ఒక గుప్పెడు: 7.
నువ్వులు 10 గ్రాములు, పొడిగానో పచ్చడిలోనో: 2.
మీల్‌మేకర్ 20 గ్రాములు, కూరలో: 10.
ఆకుకూరలు, కూరగాయలు 300 గ్రాములు: 5.

మొత్తం 70 గ్రాములు! మీల్‌మేకర్ లేని రోజున 60. ఇప్పటి ఐదో నెలకు అదీ చాలు. ఏడో నెల వచ్చాక సోయా తప్పనిసరి చేయండి, లేదా గుడాలు, పల్లీలు పెంచండి.

ఇందులో కొత్తది ఏమైనా ఉందా? జొన్నరొట్టె, గుడాలు, పల్లీల పచ్చడి, నువ్వుల పొడి మన పెద్దలు తిన్నవే. బియ్యప్పిండిలో సెనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి కాల్చే మన సర్వపిండినే చూడండి. మాంసకృత్తులలో లైసిన్ అనే భాగం బియ్యంలో, జొన్నలో తక్కువ, పప్పులలో ఎక్కువ. మెథియోనిన్ అనే భాగం పప్పులలో తక్కువ, ధాన్యాలలోనూ నువ్వులలోనూ ఎక్కువ. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. రెండూ ఒకే ముద్దలో ఉండాలని ఒకప్పుడు చెప్పేవారు. 1971లో ఆ మాటకు బాగా ప్రచారం తెచ్చిన అమెరికన్ రచయిత్రి ఫ్రాన్సిస్ మూర్ లాపే 1981లో తన పుస్తకాన్ని తిరిగి ప్రచురిస్తూ దాన్ని తానే సవరించుకున్నారు. ఒక రోజులో రెండూ కడుపులో పడితే చాలు.

మరొక్క మాట. కడుపునిండా తినకుండా మాంసకృత్తులు మాత్రమే లెక్కపెట్టుకుంటే లాభం లేదు. అన్నం, రొట్టె, నూనె చాలినంత లేకపోతే శరీరం ఆ మాంసకృత్తులనే వంటచెరకుగా కాల్చుకుంటుంది. మన పిల్లల విషయంలో ఈ సంగతిని నొక్కి చెప్పిన వారు హైదరాబాదు సంస్థకు చెందిన డాక్టర్ సి. గోపాలన్. వాంతుల వల్ల అమ్మాయి తినలేకపోతే మూడు పూటల భోజనాన్ని ఆరు పూటలుగా పంచండి.

గుడాలు తింటే కడుపుబ్బరం అంటారు కొందరు. గింజలను రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళలో మెత్తగా ఉడికించండి. జీలకర్రో ఇంగువో వేయండి. మొదటి వారం పిడికెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. త్వరగా ఉడకాలని సోడా వేయకండి, బి-1 విటమిను పోతుంది. సోయా గింజలు పచ్చివి, సగం ఉడికినవి తినరాదు. బూజు పట్టిన పల్లీలను, ముడుచుకుపోయి చేదెక్కిన వాటిని ఏరి పారవేయండి.

అంగన్‌వాడీ మాట అడిగారు. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణికి ఒక పూట భోజనంతోపాటు గుడ్డు, 200 మి.లీ. పాలు ఉద్దేశించింది. గుడ్డూ పాలూ వద్దనుకుంటే అక్కడికి పోవడమే మానవద్దు. అన్నం, పప్పు, కూర తిననివ్వండి. ఆ గుడ్డు, పాలలో ఉండే సుమారు 13 గ్రాముల మాంసకృత్తులకు బదులుగా సాయంత్రం ఒక గుప్పెడు పల్లీలు, ఒక చిన్న గిన్నెడు సెనగ గుడాలు పెట్టండి. టీచరుతో ఆ మాట చెప్పి ఉంచండి. బరువు చూడడం, పేరు నమోదు మాత్రం తప్పరాదు.

ఇక మొదట్లో చెప్పిన మూడో సంగతి. అది బి-12 విటమిను.

పప్పులు, ధాన్యాలు, ఆకుకూరలు, పండ్లు ఎన్ని తిన్నా బి-12 రాదు. మొలకెత్తిన గింజలలో, పులిసిన ఇడ్లీపిండిలో, స్పిరులినాలో ఉందని చెప్పే మాటలను నమ్ముకోకండి. దీన్ని తయారుచేసేవి సూక్ష్మజీవులు. పశువుల కడుపులోని సూక్ష్మజీవులు చేసినది పాలలోకి, మాంసంలోకి వస్తుంది. మన కాలేయంలో దీని నిలవ కొన్నేళ్ళు ఉంటుంది కాబట్టి, పాలు మానిన ఏడాది, రెండేళ్ళ వరకు మనిషి నిక్షేపంగా కనిపించవచ్చు. అసలు నిలవే తక్కువగా ఉన్నవారికి అంత వ్యవధి కూడా ఉండదు. తరువాత అలసట, నాలుక పూత, అరికాళ్ళలో మంటలు, చేతివేళ్ళలో తిమ్మిరి, మతిమరుపు. ఆలస్యమైతే నరాలకు కలిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

తల్లిలో లేనిది బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది? పుట్టేటప్పుడు బాగానే ఉన్న బిడ్డ, తల్లిపాలు తాగుతూనే కొన్ని నెలలకు మందకొడిగా మారి, నవ్వడం మాని, నిలిపిన మెడను వాల్చేయడం, వణకడం ఉంది. మన దేశపు పసిపిల్లలలో ఈ లక్షణాలకు బి-12 లోపం కారణమని 1962లోనే వెల్లూరు వైద్యులు ప్రకటించారు. తప్పు తల్లిపాలది కాదు, తల్లికి అందని విటమినుది. బిడ్డకు తల్లిపాలే పట్టాలి. సోయాపాలు వాటికి బదులు కావు.

ఇక్కడొక మోసం ఉంది సుమా! ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే మాత్రలలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి, బి-12 ఉండదు. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతిని 1945లో సాధించిన అమెరికా బృందానికి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అది గొప్ప మందు. కాని బి-12 లోపం వల్ల వచ్చిన రక్తహీనతను అది పైపైన సర్దివేస్తుంది. రక్తం బాగుపడిందని మనం సంతోషిస్తూ ఉంటే లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి. అలాగని ఆ మాత్రలు మానకూడదు. వాటికి తోడు బి-12 కావాలి.

కాబట్టి ఈ వారంలోనే అమ్మాయిని బాన్సువాడ తీసుకువెళ్ళి డాక్టరుకు చూపించండి. “ఏడాదిన్నరగా పాలు, గుడ్లు, మాంసం ఏవీ లేవు” అని స్పష్టంగా చెప్పండి. అడిగితే తప్ప చెప్పకపోవడం మనవారి అలవాటు. రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మోతాదులో బి-12 వాడండి. ప్రసవమయ్యాక, పాలిచ్చినన్నాళ్ళూ, ఈ ఆహారం కొనసాగించినన్నాళ్ళూ వాడవలసిందే. మీ అమ్మాయికి సంకోచం అక్కరలేదు. ఆ మందును సూక్ష్మజీవుల సాయంతో తయారుచేస్తారు, పశువును బాధపెట్టి కాదు. గొట్టం మాత్రల తొడుగు సాధారణంగా పశువుల నుంచి తీసిన జెలటిన్ కాబట్టి బిళ్ళల రూపంలో అడగవచ్చు.

కాల్షియానికి రాగులు, నువ్వులు, మునగాకు ఉన్నాయి. ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం మాత్రలూ వేసుకోవాలి, అయితే ఇనుము మాత్రతో కలిపి వేసుకోరాదు. కొన్ని గంటల ఎడం ఉండాలి. భోజనంలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం వెంటనే టీ తాగితే ఆ లాభం పోతుంది.

ఈ లెక్క ఆరోగ్యవంతులకు మాత్రమే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా పప్పులు పెంచరాదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రకు, సోయాకు మధ్య ఎడం పాటించాలి.

అమ్మా! మీ అమ్మాయి నమ్మకం ఆమెది. దానిని విరవడానికి రోజూ పళ్ళెం ముందు పోట్లాడితే ఆమె ఆ తినే నాలుగు ముద్దలు కూడా తినదు. వియ్యపురాలితో “పాలు తాగడం లేదు గాని, వాటికి బదులు ఇవన్నీ తింటోంది, బి-12 వేసుకుంటోంది” అని లెక్కతో చెప్పండి. రేపు ఉదయానికి ఈ రాత్రే గుప్పెడు సెనగలు నానబోయండి. డాక్టరు దగ్గరికి వెళ్ళే పని మాత్రం వాయిదా వేయకండి.