అంగుళం నీళ్ళ తగవు

ఈ వేసవి మొదట్లో మా అపార్టుమెంటు లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు. "నీటి ఎద్దడి దృష్ట్యా ప్రతి ఫ్లాటువారూ తమ ఫ్లష్ ట్యాంకులో ఒక ఇటుకగానీ, నీళ్ళు నింపిన లీటరు సీసాగానీ వేసుకోవలెను. బంతి ఉన్న ట్యాంకులలో కడ్డీని కిందికి వంచి నీటిమట్టం తగ్గించుకోవలెను." అడుగున కమిటీవారి ముద్ర. చదివినవాళ్ళందరూ బాగుందన్నట్టు తలలూపి లిఫ్టెక్కారు. నేను మాత్రం ఆ కాగితంతో పేచీ పెట్టుకున్నాను. ఆ పేచీ ఎందుకో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలూ. విషయం మరుగుదొడ్డిది కనక ముక్కు మూసుకునేవారు మూసుకోవచ్చు, కళ్ళు మాత్రం తెరిచి ఉంచమని మనవి.

అన్నట్టు, ఈ ఫ్లష్ ట్యాంకుకు మనకింకా ఒక మంచి మాట కుదరలేదు. మరుగుదొడ్డి అన్న మాట చూడండి, ఎంత మర్యాదగా ఉందో! దాని నెత్తిన కూర్చున్న తొట్టిని 'జలక్షాళన యంత్రం' అంటే మాత్రం సన్మానపత్రంలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో దీన్ని 'నీటి వృథా నివారిణి' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. అంతకు ముందు కుళాయి గొట్టానికే నేరుగా ఒక కవాటం బిగించి ఉండేది. ఎవరైనా తెరిచి మరిచిపోతే నీళ్ళు అలా పోతూనే ఉండేవి. కొలిచినన్ని నీళ్ళే పట్టుకుని, అడిగినప్పుడు ఒక్కసారిగా వదిలే తొట్టిని మధ్యలో పెట్టి ఆ దుబారాను అరికట్టారు. అంటే ఈ తొట్టి పుట్టిందే పొదుపు కోసం. దాన్ని కనిపెట్టినవాడు థామస్ క్రాపర్ అని ఒక కథ ప్రచారంలో ఉంది. పేరు అలా కలిసొచ్చింది గానీ ఆయన తయారీదారు మాత్రమే. ఆయన 1836లో పుట్టాడు. సర్ జాన్ హారింగ్టన్ నీళ్ళతో కడిగే దొడ్డిని వర్ణిస్తూ పుస్తకం అచ్చేసింది 1596లో. అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు గొట్టాన్ని పాములా వంచి, ఆ వంపులో నీళ్ళు నిలిచేట్టు చేసి పేటెంటు తీసుకున్నది 1775లో.

ఈ వంపు సంగతి తెలియకనే చాలామంది రెండు నీటిమట్టాలను ఒకటిగా కలిపేస్తారు. కమోడు గిన్నెలో నిలిచే నీళ్ళ మట్టాన్ని నిర్ణయించేది ఆ వంపు ఎత్తు. పైన ట్యాంకులో మీరు ఏ స్క్రూ తిప్పినా అది మారదు. మురుగుగొట్టంలోని వాసన ఇంట్లోకి రాకుండా అడ్డుగా నిలిచేది ఆ రెండంగుళాల నీళ్ళే. ఎండాకాలం నెల రోజులు ఇల్లు తాళం వేసి వెళ్ళి వస్తే గుప్పుమంటుందే, అది ఆ నీళ్ళు ఆవిరైపోయినందువల్ల. రెండు చెంబులు పోస్తే సరి. మనం సవరించగలిగేది ట్యాంకులోని మట్టాన్ని మాత్రమే. మూత తీసి చూస్తే లోపల నిలువుగా ఒక గొట్టం కనిపిస్తుంది. పొంగిన నీళ్ళు నేలమీద పడకుండా గిన్నెలోకి జారిపోవడానికి ఏర్పాటు అది. నీళ్ళు దాని అంచుకు ఒక అంగుళం కింద ఆగాలి. చాలా ట్యాంకుల లోపలి గోడమీద గీత గీసి ఉంటుంది కూడా. ఆ గీత దాకా నీళ్ళు రాగానే బంతి తేలి కవాటాన్ని మూసేస్తుంది. ఉన్న శాస్త్రమంతా ఇంతే.

ఇప్పుడు మా నాన్నగారి కథ. ఆయనది అనంతపురం జిల్లా. నీళ్ళంటే భక్తి. చెంబెడు నీళ్ళతో ముఖం కడుక్కుంటూ, ఆ నీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో పడేట్టు జరిగి నిలబడే మనిషి. పోయినేడు హైదరాబాదులో మా దగ్గరికి వచ్చిన వారానికే తన గదికి ఆనుకుని ఉన్న దొడ్లో ట్యాంకు మూత తీశారు. అది పాతకాలపు పది లీటర్ల ట్యాంకు, ఇత్తడి కడ్డీ, చివర బంతి. "ఇన్ని నీళ్ళెందుకప్పా" అనుకుని కడ్డీని కిందికి వంచేశారు. నీళ్ళు సగం దగ్గరే ఆగిపోవడం మొదలైంది. రెండు నెలలపాటు ఈ సంగతి నాకు తెలియనే లేదు. ఒకరోజు ఇల్లు శుభ్రం చేసే ఆవిడ నన్ను ఆపి అడిగింది: "సార్, ఆ బాత్‌రూంల నీళ్ళు సక్కగ పోతలేవు. రోజు పొద్దుగాల నేనే రెండు బకెట్లు గుమ్మరిస్తున్న. మీరెవ్వరు సూస్తలేరా?"

ఆ ప్రశ్న నాకు చాలా రోజులు గుచ్చుకుంది. నాన్నగారు మిగిల్చింది సారికి ఐదు లీటర్లు. ఆయన మిగిల్చినదాన్ని ఆవిడ రోజూ మోసి పోస్తోంది, పైగా బ్రష్షు పట్టుకుని రాస్తోంది. లెక్కలో ఆదా కనిపిస్తోంది, కష్టం మాత్రం చేతులు మారింది. నాన్నగారికి ఈ మాట ఎలా చెప్పాలా అని తటపటాయించి, చివరికి ఆవిడ అన్న మాటలే చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత తన చిన్నప్పటి సంగతి చెప్పారు. వాళ్ళ వీధి ఇళ్ళ వెనక ఒక సన్నని సందు ఉండేదట. తెల్లారకముందే ఒక ఆడమనిషి గంపా రేకుముక్కా పట్టుకుని ఆ సందులో వచ్చేదట. ఆమె ముఖం తను ఎన్నడూ చూడలేదన్నారు. "చూడకూడదనే ఆ సందు కట్టినారు లే" అని కూడా అన్నారు. మర్నాడు నేను లేచేసరికి కడ్డీని ఆయనే సరిచేసి ఉంచారు.

మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది, చాలక 2013లో మరొకటి వచ్చింది. చట్టం చేయవలసిన పనిలో ఇంటింటా కొంత భాగం చేసి పెట్టేది ఈ తొట్టిలోని నీళ్ళే. వాటిని కడుపు మాడ్చితే ఆ పని మళ్ళీ ఎవరో ఒకరి చేతికే వెళుతుంది. కాగితం మీద నా మొదటి అభ్యంతరం ఇదే.

రెండో అభ్యంతరం లెక్కది. ట్యాంకులో మట్టం తగ్గిస్తే నీళ్ళు తగ్గడమొక్కటే కాదు, నీళ్ళ దూకుడు కూడా తగ్గుతుంది. నీళ్ళను కిందికి తోసేది వాటి ఎత్తే కదా. ఎత్తు సగమైతే జారే వేగం పదింట మూడు వంతులు పడిపోతుంది. మన ఇళ్ళలోని కమోడ్లు ఎక్కువగా నీళ్ళ తోపుడు మీద ఆధారపడేవే. ఆ తోపుడు చాలకపోతే రెండోసారి నొక్కుతాం. రెండు ఐదులు పది! అమెరికాలో ఇది దేశవ్యాప్తంగా జరిగింది. 1992లో చేసిన చట్టం ప్రకారం 1994 నుంచి కొత్త కమోడ్లు సారికి ఆరు లీటర్లకు మించి వాడకూడదన్నారు. అంతకుముందు పదమూడు లీటర్లవి మామూలు. తొలి రోజుల్లో కొందరు తయారీదారులు గిన్నె ఆకారం పెద్దగా మార్చకుండా నీళ్ళు మాత్రం తగ్గించి అమ్మారు. జనం రెండేసి సార్లు నొక్కి విసుక్కున్నారు. తరవాత గిన్నె వంపులూ, నీళ్ళు దిగే దారి వెడల్పూ మార్చాక ఆ ఆరు లీటర్లే చక్కగా సరిపోయాయి. అంటే ఎన్ని నీళ్ళు కావాలో చెప్పవలసింది గిన్నె. పది లీటర్ల ట్యాంకులో సీసా వేస్తే నష్టం లేకపోవచ్చు. రెండు మీటల కొత్త ట్యాంకు ఆరు లీటర్లకూ మూడు లీటర్లకూ కొలిచి చేసినది, అందులో సీసాకు చోటే లేదు.

చోటు లేదని నాకెలా తెలుసంటారా? కమిటీ మాట మన్నించి మొదట వేసి చూసినవాణ్ణి నేనే. రాత్రి వేసిన సీసా పక్కకు ఒరిగి, లోపలి ప్లాస్టిక్ తేలుడుబిళ్ళకు అడ్డం పడింది. అది పైకి లేవలేదు, కవాటం మూసుకోలేదు. నీళ్ళు నిలువు గొట్టంలోంచి తెల్లవార్లూ గిన్నెలోకి జారిపోయాయి. చప్పుడు కూడా పెద్దగా లేదు, ఎవరో దూరాన గొణుక్కుంటున్నట్టు. పొదుపు కోసం పెట్టిన సీసా ఒక్క రాత్రిలో చేసిన నిర్వాకమది. ఇటుక అయితే మరీ అన్యాయం. నాని, పొడి రాలి, ఆ ఇసుక అడుగున ఉన్న రబ్బరు మూత కింద చేరి కారుడు మొదలవుతుంది.

అసలు దొంగ ఈ కారుడే. నిమిషానికి ఒక చిన్న గ్లాసు, రెండు వందల మిల్లీలీటర్లు కారుతోందనుకోండి. రోజుకు 288 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని మన ప్రమాణాలు చెబుతాయి, అందులో 45 దొడ్డికే. అంటే ఇద్దరు మనుషులు రోజంతా వాడుకునే నీళ్ళు ఎవరూ వాడకుండానే పోతున్నాయి. పోనీ అవి తేరగా వచ్చినవా? 2004 నుంచి హైదరాబాదుకు వస్తున్న కృష్ణ నీళ్ళు నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి వస్తాయి. నాగార్జునసాగర్ నిండుమట్టం 590 అడుగులు, హైదరాబాదు ఎత్తు సుమారు 1,700 అడుగులు. వెయ్యి అడుగులకు పైగా ఎత్తి తెచ్చిన కృష్ణమ్మ మా రబ్బరు మూత సందులోంచి మూసీలోకి దిగిపోతోందన్నమాట!

కారుడు పట్టుకోవడానికి ప్లంబరు అక్కర్లేదు. ట్యాంకులో బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరూ మీట నొక్కకుండా చూడాలి. నీళ్ళు నిలువు గొట్టం అంచు దాటకుండానే గిన్నెలో నీలం కనిపిస్తే అడుగు మూత పాడైంది. నీళ్ళు ఆ అంచు మీదుగా జారుతుంటే మట్టం ఎక్కువైంది. అప్పుడు మాత్రమే సవరింపు. కొత్త వాటిలో పొడుగు స్క్రూ ఉంటుంది, అరచుట్టు తిప్పి ట్యాంకు నిండేదాకా ఆగి చూడాలి. ఇత్తడి కడ్డీ అయితే కవాటం దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని రెండో చేత్తో మెల్లగా వంచాలి, లేకుంటే కవాటమే ఊడి చేతికొస్తుంది (అనుభవం). బంతిని ఊపితే లోపల నీళ్ళు చప్పుడైతే అది చిల్లు పడ్డట్టు, మార్చాల్సిందే. ఎంత సవరించినా నీళ్ళు ఆగకపోతే వాషరు అరిగినట్టు. దానికి మట్టం తగ్గించడం మందు కాదు.

ఇదంతా కమిటీ సమావేశంలో చెప్పాను. ఒకాయన, "అయితే ట్యాంకర్ల ఖర్చు మీరు భరిస్తారా?" అన్నారు. ఆయన కోపం అర్థం చేసుకోదగినదే. బోరు ఎండిపోయింది, ట్యాంకరు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, అందరికీ ఒకే ఆజ్ఞ వేస్తే పని అయిపోయిందన్న తృప్తి ఉంటుంది. ఇంటింటికీ వెళ్ళి మూత తీసి చూడమంటే ఎవరు చూస్తారు? నేను చూస్తానన్నాను. మా అంతస్తులో నాలుగిళ్ళుంటే రెండింట్లో నీలం దిగింది.

కాగితం ఇప్పటికీ లిఫ్టు పక్కనే ఉంది. ఇటుక అన్న మాట పక్కన "ముందు నీలిమందు" అని పెన్సిలుతో రాశాను. నిన్న దాని కింద ఎవరో ఎర్రసిరాతో "402కి ఎప్పుడొస్తారు?" అని రాశారు. ఆదివారం వెళుతున్నాం. టార్చిలైటు నాన్నగారు పట్టుకుంటారట.