ఇంటి చెత్త, నేల సొత్తు

ప్రతి దినము ఉదయమున మన పట్టణములలోని గృహస్థులు ఒక బుట్టెడు చెత్తను వాకిట నుండి సాగనంపి నిశ్చింతగా తమ పనులలో ప్రవేశించుచున్నారు. కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి, పూజాగృహమున వాడిన పూలు, పెరటిలో రాలిన ఆకులు ఒకవైపు; పాలసంచులు, గాజుపెంకులు, మందుమాత్రల రేకులు మరియొకవైపు; అన్నియు ఒక్కచోట కలిసి బండి యెక్కుచున్నవి. గడప దాటినంతనే తమ బాధ్యత తీరినదని వారి నమ్మకము. ఆ నమ్మకము సరియైనది కాదని చెప్పుటకే మేము నేడు పూనుకొనుచున్నాము.

బండి యెక్కిన చెత్త మాయము కాదు. అది ఊరి వెలుపల మరియొకరి ఇంటి చెంత దిగును. హైదరాబాదు చెత్త జవాహర్‌నగరమున కొండయై పెరిగిన సంగతియు, దాని దుర్గంధమును గూర్చి అచ్చటివారు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనిన సంగతియు అందరెరిగినవే. అట్టి గుట్టల లోపలికి గాలి చొరదు. గాలి చొరని చోట కుళ్లిన పదార్థము నుండి మీథేను అను వాయువు పుట్టును. నూరేండ్ల లెక్కలో చూచినచో అది బొగ్గుపులుసు వాయువు కంటె 25 రెట్లకు మించి భూమిని వేడెక్కించును. మన పట్టణముల ఇంటి చెత్తలో సుమారు సగము ఇట్లు కుళ్లెడి వస్తువే. నేలకు ఆహారము కాదగిన ఆ సగము, మిగిలిన సగమును గూడ చెరిచి, పొరుగువానికి విషమగుచున్నది.

ఇంతకంటె సిగ్గుపడవలసిన విషయము వేరొకటి కలదు. మనము కలిపివేసిన దానిని ఎవరో ఒకరు చేతులతో వేరుచేయవలసియున్నది. ఆ కుప్పలో పగిలిన గాజు ఉండును, వాడిపారవేసిన సూది ఉండును. మురికి పుట్టించుట ఒకరి హక్కు, మురికి మోయుట మరియొకరి వంతు అను పాత దురాచారము మన వీధులలో ఇంకను నడచుచున్నదనుటకు ఈ బుట్టయే సాక్షి. రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను నిషేధించినది. కాని కలిపిన చెత్తను ప్రతి ఉదయము మరియొకని చేతికందించు మనము ఆ నిషేధము యొక్క భావమును గ్రహించితిమా?

ఇది పురపాలక సంఘముల పని కాదా యని కొందరు అడుగుదురు. అగును, వారి పనియే. రత్లాము పట్టణపు వ్యాజ్యములో 1980వ సంవత్సరమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ధనము లేదను నెపముతో పురపాలక సంఘము పారిశుద్ధ్య విధిని తప్పించుకొనరాదని నిర్ణయించెను. ఆ తీర్పు వ్రాసినవారు జస్టిస్ కృష్ణయ్యరు గారు. అయితే 2016లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములు గృహస్థునకును విధిని ఏర్పరచినవి: తడి, పొడి, హానికరములైన చెత్తలను ఇంటియొద్దనే వేరుపరుపవలెనని శాసించినవి. సంఘమును కోర్టుకీడ్చు పౌరుడు తన విధిని తాను నెరవేర్చి యుండుట న్యాయము. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు ఊరక చెప్పలేదు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. పల్లెలలో పెంటదిబ్బ లేని రైతు ఇల్లు ఉండెడిది కాదు. ఏరువాకకు ముందు ఆ ఎరువు బండ్లపై పొలమునకు పోయెడిది. 1924 మొదలు 1931 వరకు ఇందూరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డు, యశ్వంత్ వాడ్ అను సహచరునితో కలిసి, ఇట్టి ప్రాచ్య కర్షకుల అనుభవమునకే శాస్త్రరూపము నిచ్చి ఇందూరు పద్ధతియని ప్రకటించెను. 1947 డిసెంబరులో, దేశము కల్లోలములో మునిగియున్న దినములలో గూడ, గాంధీమహాత్ముడు తన హరిజన్ పత్రికలో ఎరువును గూర్చి వ్రాయుటకు తీరిక చేసికొనెను. మన పాఠకులకు తీరిక లేదనుట చెల్లునా?

పని కష్టమైనది కాదు. అడుగునను ప్రక్కలను చిల్లులు గల కుండ గాని పాత బొక్కెన గాని చాలును. అడుగున ఎండుటాకులు పరచి, పిడికెడు పాత ఎరువో కొంచెము పేడనీరో చల్లవలెను. ఏనాటి తొక్కలను ఆనాడే చిన్న ముక్కలుగా తరిగి వేసి, వానికి రెండింతలు ఎండుటాకులతో కప్పవలెను. పచ్చివానిలో నత్రజని హెచ్చు, ఎండినవానిలో కర్బనము హెచ్చు. నత్రజని ఒక పాలునకు కర్బనము 25 మొదలు 30 పాళ్లున్నచో సూక్ష్మజీవులు చక్కగా పనిచేయును. తేమ పిండిన గుడ్డవలె ఉండవలెను. వారమునకొకసారి కలియద్రిప్పవలెను. దుర్గంధము పుట్టినచో తడి హెచ్చి గాలి తగ్గినదని గ్రహించి ఎండుటాకులు చేర్చవలెను; చీమలు పట్టినచో నీరు చిలుకరింపవలెను. మాంసము, చేపలు, నూనె వంటకములు వేయరాదు, ఎలుకలు చేరును. కుండ పెద్ద కుప్పవలె వేడెక్కదు గనుక తెగులు పట్టిన మొక్కలను, విత్తులు కట్టిన కలుపును వేయరాదు. రెండు మూడు మాసములలో లోనిది నల్లగా, పొడిపొడిగా మారి, తొలకరికి తడిసిన నేల వాసన వేయును. అప్పుడది చెత్త కాదు, ఎరువు.

మేడలపై అద్దెకుండువారు పెరడు లేదందురు. రెండు కుండలకు వరండాలో చోటు చాలును. ఒకటి నిండి మాగుచుండగా రెండవదానిని వాడుకొనవచ్చును. మొక్కలే లేనివారు ఎరువును పొరుగు బడి తోటకో, వీధి చెట్టు పాదుకో ఈయవచ్చును. ఇంటిలో స్త్రీలపై మరియొక పని మోపుట మా అభిమతము కాదు. పత్రిక చదువు పురుషుడే ఆ కుండను తన వంతుగా స్వీకరింపవలెను.

పాఠశాలలు, గ్రంథాలయములు ఒక్కొక్క కుండను నలుగురికి కనబడునట్లు నిలుపుట మంచిది. వంద ఉపన్యాసముల కంటె అది ఎక్కువ బోధించును. నేల మనకిచ్చినదానిలో మిగిలినది నేలకే చెందును. దానిని మరియొకని వాకిట పారవేయు హక్కు మనకు లేదు. ఈ ఋణమును మన గడపలోపలనే తీర్చుకొందుము గాక!