బాండీలోనికి చట్టము రావలెనా?



గత క్రిస్మస్ దినములలో ఒక పల్లె సంఘములో ప్రేమవిందుకు వెళ్ళాము. పందిరి వెనుక గారెలు, బూరెలు వేస్తున్నారు. విందు ముగిసేసరికి పెద్ద బాండీలో నల్లగా చిక్కబడిన నూనె మిగిలింది. పారబోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. "రేపు సండే స్కూలు పిల్లలకు పకోడీలు వేద్దాం" అని డబ్బాలో పోసి మూత పెట్టారు. మేము అక్కడే నిలబడి కూడా నోరు విప్పలేదు. ఇంటికి వచ్చిన తరువాత ఆ మౌనమే మమ్మును బాధించింది. అందుకే ఈ నెల ఈ సంగతి మాట్లాడదలచాము.

మనము తినే తిండి మీద ప్రభుత్వము పెత్తనము చేయవచ్చునా? అమెరికాలోని న్యూయార్క్ నగరములో ఈ ప్రశ్న మీద పెద్ద వాదమే జరిగింది.

నికెల్ సహాయముతో నూనెలోనికి హైడ్రోజన్ వాయువును ఎక్కిస్తే అది గడ్డకడుతుంది. మన పల్లెల్లో డాల్డా అని పిలుచుకునే వనస్పతి ఈ పద్ధతిలో పుట్టినదే. అది చౌక, త్వరగా చెడదు, పఫ్‌లు, బిస్కెట్లు కరకరలాడతాయి. అందుచేత హోటళ్ళకు, బేకరీలకు అది ప్రీతి. అయితే నూనెను ఇలా కొంతమేరకు గట్టిపరచినప్పుడు అందులో ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. అది రక్తములో చెడు కొలెస్టరాల్‌ను పెంచి, మంచి కొలెస్టరాల్‌ను తగ్గించి గుండెకు చేటు తెస్తుంది. దీని వలన ప్రపంచములో ఏటా 5 లక్షలకు పైగా మరణాలు కలుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అంచనా వేసింది.

న్యూయార్క్ ఆరోగ్యశాఖ మొదట బ్రతిమాలి చూసింది. ఈ కొవ్వు మానుకోండని 2005లో హోటళ్ళవారిని కోరింది. ఏడాది గడిచినా సుమారు సగము హోటళ్ళు దానినే వాడుతున్నాయి. అప్పుడు 2006 డిసెంబరులో నిషేధము విధించారు. 2007 జూలై నుండి వేపుడు నూనెలకు, 2008 జూలై నుండి మిగిలిన వంటకాలన్నిటికీ అది వర్తించింది. "నేడు కొవ్వు అంటారు, రేపు ఉప్పు అంటారు" అని చాలామంది సణిగారు. కాని 2017లో వెలువడిన ఒక అధ్యయనము ఏమి చూపించిందో వినండి. న్యూయార్క్ రాష్ట్రములో నిషేధము అమలైన జిల్లాలలో మూడేళ్ళు గడిచేసరికి, నిషేధము లేని జిల్లాలతో పోల్చితే, గుండెపోటు, పక్షవాతములతో ఆసుపత్రిలో చేరేవారు 6.2 శాతము తగ్గారు.

అదే నగరము 2012లో తీపి పానీయాలను పెద్ద గ్లాసులలో అమ్మకూడదని మరొక నియమము చేసింది. దానిని 2014లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము కొట్టివేసింది. న్యాయస్థానము ఆలోచించినది అధికారుల హద్దులను గూర్చి. మాకు తోచినది మరొకటి. గ్లాసు ఎంత పెద్దదో కొనేవానికి కనబడుతుంది. పఫ్‌లో ఏ కొవ్వు వేశారో కనబడదు. తినేవాని కన్ను చూడలేని చోట చట్టము చూడవలసిందే.

మన దేశములోను 2022 జనవరి 1 నుండి నూనెలు, కొవ్వులు, వాటితో చేసిన ఆహార పదార్థాలలో ఇటువంటి ట్రాన్స్ కొవ్వు 2 శాతము మించరాదని నియమము వచ్చింది. పదే పదే కాచిన నూనెలో పుట్టే చెడు పదార్థాలకు కూడా 2018లోనే హద్దు పెట్టారు. పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరులో ఏడాది పాటు నిషేధించింది.

అయితే ఏ అధికారి మన ప్రేమవిందు పందిరి వెనుకకు వస్తాడు? మన వంటింట్లో పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు? అక్కడ మనమే కాపలా.

కొన్నాళ్ళ తరువాత ఆ సంఘపు అయ్యగారితో ఈ మాట చెప్పాము. ఆయన నొచ్చుకోలేదు గాని, "అమ్మా, అంత నూనె పారబోస్తే ఆ డబ్బు ఎవరిస్తారు?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. పేద సంఘానికి ఒక నూనె డబ్బా చిన్న ఖర్చు కాదు. అందరమూ కూర్చొని ఆలోచిస్తే మిగలకుండా చూసుకోవడమే మార్గమని తేలింది. వెడల్పు బాండీకి బదులు లోతైన చిన్న బాండీ పెట్టాలి. రెండు వేపుడు వంటకాలకు బదులు ఒకటి చాలు, రెండవది ఆవిరి మీద వండినది కావచ్చు. ఒకసారి కాచిన నూనె మిగిలితే వడగట్టి, ఒకటి రెండు రోజులలో కూరల తాలింపుకు వాడుకోవాలి. పాత నూనెలో కొత్తది కలపరాదు. నల్లబడి, నురుగు కట్టి, ఊరికే పొగ వచ్చే నూనెను ఇక ఎవరికీ పెట్టరాదు.

తల్లులారా, సంఘ పెద్దలారా, విందులో మొదటి పంక్తిలో కూర్చునేది మన పిల్లలే. ఈసారి పందిరి వేసేటప్పుడే నూనె సంగతి మాట్లాడుకుందాము. మేము కూడా ఇక మౌనముగా నిలబడము.