విచారణలు చాలు, గుఫ్తగూ కావాలి

తెలుగు పత్రికల్లో ఒక తంతు ఉంది. ముస్లిం కవో, గాయకుడో, చరిత్ర బోధించే ప్రొఫెసరో ఇంటర్వ్యూకు దొరికితే చాలు, ప్రశ్నల జాబితా ముందే సిద్ధంగా ఉంటుంది. తలాక్ గురించి మీ అభిప్రాయం? బుర్ఖా సంగతేమిటి? ఫలానా చోట బాంబు పేలింది, మీరు ఖండిస్తున్నారా? ఆ మనిషి నలభై ఏళ్లు రాగాలతో బతికి ఉండొచ్చు. గజల్ ఛందస్సును అరచేతి గీతల్లా ఎరిగి ఉండొచ్చు. అదంతా తర్వాత. ముందు దేశభక్తి సర్టిఫికెట్ కావాలి. పత్రికాఫీసులో దీన్ని ఇంటర్వ్యూ అంటారు. పోలీసు స్టేషన్లో దీనికి వేరే పేరుంది.

అదే ఆదివారం, అదే పత్రిక, పక్క పేజీలో ఒక అగ్రవర్ణ సంగీత విద్వాంసుణ్ణి కూర్చోబెట్టి గురుపరంపర గురించి, గమకాల గురించి అడుగుతుంది. కట్నం చావులకు ఆయన్ని ఎవరూ జవాబు చెప్పమనరు. 1991లో చుండూరులో దళితుల్ని నరికి చంపినందుకు ఆయన సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఎందుకంటే ఆయన ఒక వ్యక్తి. మేం మాత్రం ఎప్పుడూ గుంపు తరపున బోనెక్కాల్సినవాళ్లం.

మా ఇళ్లలో గుఫ్తగూ అనే మాట ఉంది. ఇద్దరు మనుషులు ఒకే చాప మీద కూర్చుని మాట్లాడుకోవడం. అడిగేవాడికి తనకు తెలియనిది తెలుసుకోవాలన్న ఆకలి ఉండాలి. చెప్పేవాడికి తన మాట వక్రం కాదన్న భరోసా ఉండాలి. ఈ రెండూ లేనిచోట ఎంత పెద్ద కళాకారుణ్ణి కూర్చోబెట్టినా మిగిలేది వాంగ్మూలమే.

ఎం.ఎఫ్. హుసేన్ విషయమే చూడండి. రామ్‌మనోహర్ లోహియా ప్రోద్బలంతో ఆయన రామాయణ చిత్రాలు వేశాడు. వేసింది ఎక్కడో కాదు, హైదరాబాద్‌లో, బద్రీవిశాల్ పిత్తి అండతో. వాల్మీకినీ తులసీదాసునూ చదివి, పండితులతో చర్చించి మరీ వేశానని ఆయనే చెప్పుకున్నాడు. ఒక సోషలిస్టు నాయకుడు, ఒక మార్వాడీ సాహిత్యాభిమాని, ఒక ముస్లిం చిత్రకారుడు కలిసి రామాయణాన్ని జనం దగ్గరికి తీసుకుపోవాలనుకున్న ఆ కాలం ఎలాంటిది? అడగాల్సిన ప్రశ్న అది. 1996 తర్వాత ఆయన ముఖాన విసిరిన ప్రశ్న ఒక్కటే: మా దేవతల్ని నువ్వెందుకు గీశావు? ఆ ‘మా’లోనే తీర్పు ఉంది. 2006లో ఆయన దేశం విడిచాడు. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నాడు. 2011లో లండన్‌లో కన్నుమూశాడు.

తిట్టడమే విచారణ అనుకోకండి. పొగడ్త కూడా విచారణే. షేక్ చినమౌలానాను తలచుకోగానే మీ కలం ‘మతసామరస్యానికి ప్రతీక’ అని రాసేస్తుంది. శ్రీరంగంలో రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం ఊదాడు కదా! అక్కడితో ఆయన కథ ముగిసింది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టినవాడు తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ దాకా ఎందుకు వెళ్లాడు? తన వాళ్ల బాణీకీ దానికీ తేడా ఏమిటి? గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా సన్నాయి పట్టిన ముస్లిం కుటుంబాలు ఏ కూలికి ఊదాయి? పెళ్లిళ్లలో వాళ్లకు ఏ పంక్తిలో అన్నం పెట్టారు? 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న మనిషిని ఈ ప్రశ్నలు అడిగినవాళ్లు ఎందరు? ఆయన శిష్యులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక ముస్లిం స్త్రీ నాదస్వరం పట్టి కచేరీ చేయడం వెనక ఎంత సాధన ఉందో, ఎన్ని చూపులు దాటిందో అడగండి. సామరస్యం గురించి తర్వాత మాట్లాడుకుందాం.

మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం అని మీరు రెండు కుర్చీలు వేశారు. మేం నేల మీద కూర్చుంటాం. మాకు ఆ రెండూ వద్దు.

ఇంకో పొగడ్త ఉంది. ‘అరె, మీ తెలుగు భలే బాగుందండీ!’ అంటారు. ఈ మాట వినని తెలుగు ముస్లిం రచయిత ఉండడు. తెలుగు మీదీ, ఉర్దూ మాదీ అని పంపకాలు ఎవరు చేశారు? అచ్చతెలుగులో తొలి కావ్యం పొన్నెగంటి తెలగన రాసిన ‘యయాతి చరిత్ర’. దాన్ని అంకితం పుచ్చుకున్నవాడు పటాన్‌చెరు ప్రాంతపు కుతుబ్‌షాహీ అధికారి అమీన్‌ఖాన్. పిఠాపురంలో ఉమర్ ఆలీషా తెలుగు పద్యంలో బతికాడు. తెలుగు మాకు ఎవరో పెట్టిన భిక్ష కాదు. ఈ ఇల్లు కట్టిన కూలీల్లో మేమూ ఉన్నాం.

మా అభ్యుదయ మిత్రులు దీనికి అతీతులా? మఖ్దూం మొహియుద్దీన్ వాళ్లకు కామ్రేడ్. నిజమే, మాకూ కామ్రేడే. కానీ 1969లో సాహిత్య అకాడెమీ అవార్డు తెచ్చిన ‘బిసాతె రక్స్’ను ఉర్దూ కవిత్వంగా చర్చించిన తెలుగు సభలెన్ని? ట్యాంక్‌బండ్ మీద విగ్రహం నిలబెట్టారు. ఆ విగ్రహం ఏ భాషలో కలలు కన్నదో పట్టించుకోలేదు. మేం అస్తిత్వం అనగానే ‘వర్గాన్ని చీలుస్తున్నారు’ అంటారు. చీలిక మా మాటలో లేదు, మీ వినికిడిలో ఉంది.

అన్నిటికన్నా పెద్ద మౌనం 1948 సెప్టెంబరుది. రజాకార్ల దౌర్జన్యాలను మేం దాచం. వాళ్లకు ఎదురు రాసి, 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లోనే హతమైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ మావాడే. కానీ సైనిక చర్య వెంట జరిగిన ఊచకోత మాటేమిటి? భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని లెక్క కట్టింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. 2022 నుంచి కేంద్రం సెప్టెంబరు 17న విమోచన ఉత్సవాలు జరుపుతోంది. ఆ రోజున పత్రికలు విమోచన యోధుల అనుభవాలు వేస్తాయి, వేయనివ్వండి. ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గా జిల్లాల్లో తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల్ని ఎవరు అడిగారు? అప్పటి పదేళ్ల పిల్ల ఇవాళ తొంభైకి దగ్గరపడింది. ఆమె దగ్గరికి ఎవరూ వెళ్లకపోతే ఆ చరిత్ర ఆమెతోపాటే ఖబరస్తాన్‌కు పోతుంది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్నీ ఇంజనీరింగునూ ఉర్దూలో బోధించింది. 1948 తర్వాత ఆ మాధ్యమం పోయింది. ఒక దేశీ భాషలో ఆధునిక శాస్త్రం చదువుకున్న తరం ఏం సాధించింది, ఏం పోగొట్టుకుంది? మాతృభాషలో చదువు గురించి ఉపన్యాసాలు దంచేవాళ్లకు ఆ తరం జ్ఞాపకం రాలేదు.

మా ఇంటి చీకటి గురించి కూడా చెప్పాలి. ఉర్దూ పత్రికలు ఎవరితో ముచ్చటించాయి? మౌలానాలతో, నవాబుల వారసులతో, ముషాయిరా కవులతో. దూది ఏకినవాళ్లతో, చాపలు అల్లినవాళ్లతో, బీడీలు చుట్టిన ఆడవాళ్లతో తెహజీబ్ గురించి మాట్లాడటానికి మా పెద్దలకు నామోషీ. ఉర్దూ రాదని దూదేకులవాళ్లను సగం ముస్లింలుగా చూసింది మెజారిటీవాళ్లు కాదు, మనమే. ఆ చిన్నచూపుకు బుర్రకథ నాజర్ ఇచ్చిన జవాబు చూడండి. తన జీవితాన్ని అంగడాల వెంకట రమణమూర్తికి చెప్పి రాయించాడు. ఆ పుస్తకానికి పెట్టిన పేరు ‘పింజారి’. 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి ఆ బిరుదును కాదు, తనను కించపరచిన మాటనే అట్ట మీదికి ఎక్కించాడు. పొన్నెకల్లు పేదరికం నుంచి ప్రజానాట్యమండలి వేదికల దాకా ఒక కళాకారుడి నడక తెలుగువాళ్లకు దక్కిందంటే కారణం ఒక్కటే: ఒకడు చెప్పాడు, ఇంకొకడు ఓపిగ్గా విన్నాడు. వినేవాడు మన మతం వాడే కానక్కర్లేదు. వినడం వస్తే చాలు.

మా డిమాండ్ పెద్దదేం కాదు. మా దర్జీని బట్ట గురించి అడగండి. మా ఖవ్వాల్‌ను తాళం గురించి అడగండి. మా చరిత్రకారుణ్ణి చరిత్ర గురించి అడగండి. మా స్త్రీని ఆమె రాసిన కథ గురించి అడగండి. తలాక్ గురించి కూడా ఆమే చెబుతుంది, మీకన్నా గట్టిగా, మా మౌల్వీలకు వినిపించేలా చెబుతుంది. కానీ ఎప్పుడు చెప్పాలో ఆమె నిర్ణయించుకుంటుంది.

మీరు అడగరా? మేమే అడుగుతాం. రెండు భాషలు తెలిసిన పిల్లలు మా బస్తీల్లో బోలెడంతమంది ఉన్నారు. ప్రతి చేతిలో రికార్డు చేసే ఫోనుంది. నానీలను, దాదీలను, ఆషుర్‌ఖానా ముజావర్లను, మూతపడ్డ ఉర్దూ బడుల టీచర్లను కూర్చోబెట్టి, ఉర్దూలో చెప్పింది తెలుగులోకీ తెలుగులో చెప్పింది ఉర్దూలోకీ దించాలి. మీరిచ్చే సర్టిఫికెట్ల కోసం కాదు. మా చరిత్రలో మేం సాక్షులుగా కాదు, చెప్పేవాళ్లుగా ఉండటం కోసం.