ఆరు, ఏడు, ఇరవై మూడు

మీ ఇన్‌బాక్సులో తేదీలు ఏ వరసలో కనిపిస్తున్నాయో ఎప్పుడైనా గమనించారా? 2024 దాకా నేనైతే గమనించలేదు. రంగులు మార్చుకున్నాను, ఫోల్డర్లు పెట్టుకున్నాను, సంతకం కింద ఓ కొటేషన్ కూడా తగిలించుకున్నాను. తేదీ జోలికి మాత్రం వెళ్ళలేదు. తేదీ అంటే తేదీయే కదా, అందులో మార్చుకోడానికి ఏముంటుంది అనుకున్నా. చాలా ఉందని తర్వాత తెలిసింది. అది తెలియడానికి నష్టపోయింది మాత్రం నేను కాదు, ఇంకొకడు.

సంగతి ఇదీ. 2024 మార్చిలో ఒక శుక్రవారం రాత్రి మాకు రిలీజు. పాత గేట్‌వే నుంచి కొత్తదానికి మారుతున్నాం. నేను బోరబండ సైట్ త్రీలో మా గదిలో ఉన్నాను. మా టీములో కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన కుర్రాడు ఆఫీసులో ఉన్నాడు. పదకొండున్నరకి ఫోన్ చేశాడు.

"అన్నా, క్లయింటు పంపిన సర్వర్ల లిస్టు రెండు మెయిల్స్ లో ఉంది. రెండిటికీ సబ్జెక్టు ఒకటే. ఏది తీస్కోవాలి?"

నేను లాప్‌టాప్ తెరిచి చూసి, "ఆరు, ఏడు, ఇరవై మూడుది తీస్కోరా, అదే లేటెస్టు" అన్నాను. వాడు సరిగ్గా 6/7/23 అని ఉన్న మెయిలే తీసుకున్నాడు.

నా లాప్‌టాప్ మన దేశం పద్ధతిలో ఉంది. నాకు 6/7/23 అంటే జూలై ఆరు. వాడికిచ్చిన లాప్‌టాప్ అమెరికా పద్ధతిలో ఉంది. వాడి తెర మీద 6/7/23 అంటే జూన్ ఏడు. మొదటి లిస్టు వచ్చింది జూన్ ఏడునే మరి! నేను చెప్పిందీ సరైనదే, వాడు విన్నదీ సరైనదే. ఎక్కింది మాత్రం నెల పాత లిస్టు. మధ్యలో కొత్తగా కలిపిన సర్వర్లన్నిటికీ ఆ రాత్రి తలుపు మూసుకుపోయింది.

సోమవారం ఆర్‌సీఏ రాశారు. కారణం: హ్యూమన్ ఎర్రర్. పక్కన ఆ కుర్రాడి పేరు. బుధవారం వాడి సీటు దగ్గర నిలబడి ఆ మెయిల్ చూస్తే గానీ నాకు వెలగలేదు. వెళ్ళి మేనేజరుతో చెప్పాను. "టికెట్ క్లోజ్ అయిపోయింది, మళ్ళీ కెలక్కు" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. నెలాఖరుకి వాడి కాంట్రాక్టు పొడిగించలేదు.

"మెయిల్ తెరిచి చూసుకుంటే సరిపోయేది కదా" అంటారు మీరు. నిజమే, సరిపోయేది. కానీ అర్ధరాత్రి రిలీజులో ఎవరం మాత్రం అనుమానం లేనిదాన్ని తెరిచి చూస్తాం? అనుమానం రాకపోవడమే ఇక్కడ అసలు జబ్బు. 25/7 అని ఉంటే ఎవడికైనా వెంటనే తెలుస్తుంది, ఇరవై ఐదో నెల ఉండదు కాబట్టి. పన్నెండో తారీఖు లోపు తేదీలతోనే చిక్కు. రెండు రకాలుగా చదివినా రెండూ నిజం తేదీల్లాగే ఉంటాయి.

నాకు కోపం ఎక్కడ వచ్చిందంటే, ఆ మెయిల్ లోపల ఈ గందరగోళం లేనే లేదు. మెయిల్ హెడరు తెరిచి చూడండి. 06 జూలై 2023 09:12:10 -0400 అన్న పద్ధతిలో ఉంటుంది (ఇంగ్లీషులో అనుకోండి). నెల అంకెల్లో కాదు, అక్షరాల్లో ఉంటుంది. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 822 లోనే నెల పేరు అక్షరాల్లో రాయమన్నారు. సంవత్సరం అప్పుడు రెండంకెలే, 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1123 దాన్ని నాలుగంకెలకి మార్చమంది. చివరనున్న -0400 వల్ల అక్కడి పొద్దున తొమ్మిదీ పన్నెండు ఇక్కడ సాయంత్రం ఆరూ నలభై రెండు అని మన మెయిల్ ప్రోగ్రాము తనే లెక్క కట్టుకుంటుంది. ఇంత శుభ్రంగా వచ్చిన తేదీని తీసుకుని, ఇన్‌బాక్సు మనకి 7/6/23 అనో 6/7/23 అనో చూపిస్తుంది. బంగారంలాంటి బియ్యం తెచ్చి అన్నం మాడ్చినట్టు.

జీమెయిల్ సంగతే చూడండి. అమెరికా ఇంగ్లీషులో ఉంటే ఈ ఏడాది మెయిల్స్ కి నెల పేరు అక్షరాల్లో చూపిస్తుంది. సంవత్సరం మారగానే అవే మెయిల్స్ నెల ముందు, రోజు వెనక అంకెలైపోతాయి. పాత మెయిల్ కే కదండీ తేదీ సరిగ్గా కావాల్సింది? నిన్నటి మెయిల్ ఎప్పుడొచ్చిందో మనకెలాగూ గుర్తుంటుంది.

తమాషా ఏమిటంటే, సంవత్సరాన్ని రెండంకెలకి కుదించడం వల్ల వచ్చిన తంటానే వైటూకే. దాన్ని సరిచేయడానికే 1990ల చివర్లో కోబాల్, మెయిన్‌ఫ్రేములు నేర్చుకుని మనవాళ్ళు బోలెడంతమంది అమెరికా విమానం ఎక్కారు. సైబర్ టవర్స్ తెరిచిన 1998 కూడా ఆ రోజులే. అంటే తేదీలు దిద్ది అన్నం తిన్న ఊరు మనది. అదే ఊళ్ళో కూర్చుని, ఇన్నేళ్ళ తర్వాత కూడా తేదీ సరిగ్గా చదవలేదని ఒక కుర్రాడి పేరు ఆర్‌సీఏలో రాశాం.

మా బోరబండ ఎమ్ఎమ్‌టీఎస్ స్టేషనుకి వెళ్ళండి. రైల్వే వాళ్ళ టైము 24 గంటల లెక్కలో ఉంటుంది. కూరగాయల మూట దించుకునే ఆవిడ కూడా 18:42 అంటే ఏమిటో చెప్తుంది. ఐఆర్‌సీటీసీ టికెట్ మీద నెల అక్షరాల్లో, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటుంది. ఇన్ని భాషల వాళ్ళు ఎక్కే రైలుకి కుదిరింది, మన ఇన్‌బాక్సుకి ఎందుకు కుదరదు? చోటు చాలదంటారా, నాలుగక్షరాల తేడా అంతే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. తేదీ ఎలా కనిపించాలన్నది ఎవరి ఇష్టానికి వాళ్ళకి వదిలేసే అలంకారం కాదు. ఒకే పని చేసే టీములో అందరి తెర మీదా ఒకేలా ఉండాలి. కొత్తవాడికి లాప్‌టాప్ ఇచ్చే రోజే అది సెట్ చేసి ఇవ్వాలి.

చేయడం కష్టమేమీ కాదు. పాత అవుట్‌లుక్ అయితే విండోస్ చెప్పినట్టు వింటుంది. కంట్రోల్ ప్యానెల్ లో రీజియన్, అందులో అడిషనల్ సెట్టింగ్స్, అందులో డేట్. షార్ట్ డేట్ దగ్గర పెద్ద ఎమ్ మూడుసార్లు, వై నాలుగుసార్లు ఉండేలా రాసుకుంటే 06-జూలై-2023 అన్నట్టు నెల అక్షరాల్లో వస్తుంది. బ్రౌజరులో చూసే అవుట్‌లుక్ కి దాని సెట్టింగ్స్ లోనే భాష, టైము దగ్గర తేదీ పద్ధతి ఎంచుకోవచ్చు. థండర్‌బర్డ్ లో జనరల్ సెట్టింగ్స్ లో తేదీలు ప్రోగ్రాము భాషని బట్టా, కంప్యూటర్ సెట్టింగుని బట్టా అని అడుగుతుంది, రెండోది పెట్టుకోండి. జీమెయిల్ లో విడిగా తేదీ సెట్టింగు లేదు, భాషని బ్రిటన్ ఇంగ్లీషుకి మారిస్తే రోజు ముందుకొస్తుంది. అదీ కుదరకపోతే తేదీ మీద మౌసు పెట్టి ఆపండి, పూర్తి తేదీ కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్లో చెప్పేటప్పుడు నెల పేరు చెప్పండి. "జూలై ఆరుది తీస్కో" అని నేను ఆ రాత్రి అని ఉంటే ఈ టపా రాయాల్సిన పనే లేదు.

ఆ కుర్రాడు ఇప్పుడు వేరే చోట చేస్తున్నాడు. ఈమధ్యే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను, తప్పు నీది కాదురా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, ఆ మాట అప్పుడే ఆ మెయిల్ లో రిప్లై ఆల్ కొట్టి చెప్పాల్సింది" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. తేదీ సెట్టింగు మార్చుకోడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రిప్లైకి కూడా అంతకన్నా ఎక్కువ పట్టేది కాదు.