పాత వీడియోలు కొత్త చోటికి: ముందుగా ఎవరు చూడాలి?



మా ఆసుపత్రి ఆరోగ్య పాఠాల వీడియోలన్నీ చోటు మారుతున్నాయి. ఓ.పి. హాలు టి.వి.లోను, గర్భిణుల వార్డులోను, నర్సింగ్ స్కూలు తరగతిలోను మీరు చూసే వీడియోలు ఇంతకాలం ఒక కంపెనీ వారి సర్వరులో ఉంటూ వచ్చాయి. ఆ సదుపాయం మూసివేస్తున్నామనీ, గడువులోగా ఎవరివి వారు తీసుకొనిపోవలసిందనీ ఆ కంపెనీ వారు తెలియజేశారు. ఎలాగూ మారుస్తున్నాము గనుక, స్టోరు గది బీరువాలలో ఉన్న పాత క్యాసెట్లు, సి.డి.లు కూడా ఎక్కించి అన్నిటినీ ఒకే చోట చేర్చాలని కమిటీ వారు తలపెట్టారు. కొత్త చోటికి వెళ్ళాక రోగులు, వారి ఇంటివారు సెల్‌ఫోనులోనే వీటిని చూసుకోవచ్చు.

ఆలోచన మంచిదే. అయితే ఏది ముందు, ఏది వెనుక అనే విషయంలో మా నర్సులకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. ఆ వీడియోలలో మీలో కొందరి ముఖాలు, మీ అమ్మగారి ముఖాలు, మీ పసిబిడ్డల ముఖాలు ఉన్నాయి గనుక మీతో కూడా చెప్పవలసి ఉంది.

కంప్యూటరు పని చూసే మా తమ్ముళ్ళు చెప్పేదేమిటంటే, అంతా ఒకేసారి ఎక్కించేద్దాం, స్థలానికి కొదవ లేదు, ఏరివేత సంగతి తరువాత చూసుకుందాం అని. వారి తొందర మాకు అర్థమవుతుంది. గడువు దగ్గరపడుతున్నది. కాని ఆసుపత్రిలో పనిచేసే ఎవరికైనా తెలుసు, “తరువాత చూద్దాం” అని పక్కన పెట్టిన పని ఎప్పటికి తెములుతుందో! ఒక వార్డు మందుల బీరువాను మరో వార్డుకు మార్చేటప్పుడు మేము సీసాలన్నీ గంపలో వేసి తీసుకుపోము. ఒక్కొక్క సీసా చేతిలోకి తీసుకొని, పేరు చదివి, గడువు తేదీ చూసి, దాటిపోయినది పక్కన పెట్టి, మిగిలినవే కొత్త బీరువాలో సర్దుతాము. వీడియోలకు కూడా ఆ పద్ధతే కావాలని మేము అంటున్నాము.

కాపీ తీయడం మటుకు ఆలస్యం చేయరాదు. క్యాసెట్ టేపు కలకాలం ఉండేది కాదు. మన తీర ప్రాంతపు ఉక్కకు, తేమకు టేపు మీద తెల్లని బూజు పడుతుంది. ఆడించే యంత్రాలూ కరువయ్యాయి. వి.సి.ఆర్.లు తయారుచేస్తూ చివరికి మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో వాటి తయారీ ఆపివేసింది. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం వారు 2025 నాటికి మార్చుకోని టేపులు చాలావరకు దక్కవని 2015లోనే హెచ్చరించారు. పైగా ఇది తొందరగా తెమిలే పని కాదు. రెండు గంటల క్యాసెట్టును ఎక్కించాలంటే రెండు గంటలూ దానిని ఆడించవలసిందే. నర్సింగ్ స్కూలులో బొమ్మల మీద నొక్కుతూ నేర్చుకునే సి.డి.లు ఉండేవి. వాటిలో ఫ్లాష్ మీద నడిచేవి ఇప్పటి కంప్యూటర్లలో మామూలుగా తెరుచుకోవు. అడోబ్ కంపెనీ వారు 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయరుకు స్వస్తి చెప్పారు. డిస్కు చెక్కుచెదరలేదు, పాఠం మాత్రం అందదు.

కనుక కాపీలు వెంటనే తీయవలసిందే. మా పట్టుదల అంతా ఆ కాపీని రోగి ఫోనులోకి ఎప్పుడు వదలాలి అన్న దగ్గరే.

ఒక చిన్న సంగతి చూడండి. పాత క్యాసెట్టును చూడగానే దాని వయస్సు తెలుస్తుంది. బొమ్మ వెలసిపోయి, గీతలు పడి ఉంటుంది. అట్ట మీద ఎవరో సిస్టరు చేతివ్రాతతో సంవత్సరం ఉంటుంది. కొత్త చోట ఎక్కించినప్పుడు ఇవన్నీ పోతాయి. వీడియో కింద సాధారణంగా కనిపించేది ఎక్కించిన తేదీ, తీసిన తేదీ కాదు. 1996లో తీసిన పాఠం కూడా నిన్న మొన్నటిదిగా కనిపిస్తుంది. పైన మా ఆసుపత్రి పేరు ఉంటుంది. అది చూసి ఇంట్లోని తల్లి నమ్ముతుంది. నమ్మకుండా ఎలా ఉంటుంది?

వైద్యంలో మాత్రం ఈ ముప్పై ఏళ్ళలో చాలా మారింది. నాటి వీడియోలు నాటి పద్ధతి ప్రకారం సరిగానే చెప్పాయి. నేడు అవే మాటలు ప్రమాదం తేగలవు.

విరేచనాల పాఠం తీసుకుందాం. పాత వీడియోలో “ఒక ప్యాకెట్ పొడి, ఒక లీటరు నీరు” అని ఉంటుంది. ఇప్పుడు దుకాణంలో లీటరు నీటికి సరిపడే పెద్ద ప్యాకెట్లతో పాటు 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా అమ్ముతున్నారు. చిన్న ప్యాకెట్టును లీటరు నీటిలో కలిపితే బిడ్డకు అందవలసిన లవణాలు అందవు. పెద్ద ప్యాకెట్టును గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు మితిమీరి మరింత కీడు జరుగుతుంది. ప్యాకెట్ మీద ఎంత నీరు అని రాసి ఉందో చదివి అంతే కలపాలి. ఓ.ఆర్.ఎస్. పొడి కూడా మారింది. ఉప్పు, గ్లూకోజు తగ్గించిన పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి సిఫారసు చేస్తున్నది. ఇక జింకు మాత్రల మాట ఆ పాత పాఠంలో లేనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి వాటిని 2004లో సిఫారసు చేశాయి. విరేచనాలు తగ్గినా సరే, మన దేశంలో బిడ్డకు 14 రోజులు జింకు ఇస్తాము. పాత వీడియో ఒక్కటే చూసిన తల్లికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

చంటిబిడ్డ ఆహారం సంగతీ అంతే. నాలుగో నెల నుండి జావ పట్టవచ్చని అప్పటి పాఠాలలో చెప్పేవారు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుండి చెబుతున్నది. ఇంట్లో పెద్దవారు “మా రోజుల్లో ఆసుపత్రివారే చెప్పారు” అని వాదించడం మేము రోజూ వింటూ ఉన్నాము. ఇక ఆ మాటకు మేమే ఫోనులో సాక్ష్యం చూపించినట్లవుతుంది!

క్షయ మందుల వీడియో మరీ జాగ్రత్త పడవలసినది. వారానికి మూడుసార్లు మందు వేసుకోవాలన్నది అప్పటి పద్ధతి. 2017 నుండి మన ప్రభుత్వ కార్యక్రమంలో మందు ప్రతిరోజూ వేసుకోవలసినదే. పాత వీడియో చూసి ఎవరైనా రోజు విడిచి రోజు మింగితే, జబ్బు మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. నర్సింగ్ స్కూలులో గుండె ఆగినవారికి చేసే ప్రథమ చికిత్స పాఠం కూడా పాతదే. పెద్దలకు 15 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊపిరి ఊదాలని అందులో ఉంది. 2005లో అది 30కి 2 అయింది. 2010 నుండి ముందుగా ఛాతీ నొక్కడమే మొదలుపెట్టమన్నారు. ఆ వీడియోను మా పిల్లలకు చరిత్రగా చూపుతాము, విధానంగా చూపము.

అయితే పాతవన్నీ పారవేయమని మేము అనడం లేదు. కుష్ఠు వ్యాధివల్ల స్పర్శ పోయిన పాదాల సంరక్షణ మీద తీసిన పాత పాఠం ఒకటి ఉంది. రోజూ పాదాలు చూసుకోవడం, నీటిలో నానబెట్టడం, గట్టిపడిన చర్మాన్ని మెల్లగా రుద్దడం, తడి ఆరకముందే నూనె రాయడం, మెత్తని ఎమ్.సి.ఆర్. చెప్పులు తొడగడం. ఇందులో ఒక్క మాట కూడా మార్చనవసరం లేదు. అందులో మాట్లాడే సిస్టరు మన పల్లె మాటలే మాట్లాడతారు. షుగరు జబ్బువల్ల పాదాలు మొద్దుబారినవారు కూడా రోజూ పాదాలు చూసుకోవడం, ఉత్త కాళ్ళతో నడవకపోవడం ఆమె దగ్గరే నేర్చుకోవచ్చు. ముర్రుపాలు పారబోయవద్దని చెప్పే పాఠమూ అంతే. బిడ్డను రొమ్ముకు ఎలా పట్టుకోవాలో చూపే పాఠమూ అంతే. కొత్తగా బొమ్మలతో తయారుచేసి పంపుతున్న వీడియోలకంటే ఇవే మాకు నయమనిపిస్తాయి. వాటిలో తల్లి ఒంటిమీద నగలు, ఇంట్లో సోఫాలు చూసి మన వార్డులోని తల్లులు “ఇది మన కోసం కాదులే” అని తల తిప్పుకుంటారు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన విషయం.

ఆ పాదాల పాఠంలో సిస్టరు ఒక్కరే లేరు. పాదాలు చాపి కూర్చున్నవారు ఉన్నారు, వారి ముఖాలు కనిపిస్తున్నాయి. మరో వీడియోలో హెచ్.ఐ.వి. ఉన్న ఒక తల్లి ధైర్యంగా తన కథ చెప్పుకున్నారు. వారు అప్పుడు ఒప్పుకున్నారు. దేనికి ఒప్పుకున్నారు? వార్డులో ఉన్న టి.వి.లో, తమవంటి రోగులు పది మంది చూడడానికి. ఒక ఫోను నుండి మరో ఫోనుకు, ఊరి గ్రూపులకు, పెళ్ళి సంబంధం చూడవచ్చినవారి చేతికి చేరడానికి వారు ఒప్పుకోలేదు. ఆనాడు అలాంటిది ఒకటి వస్తుందని ఎవరికీ తెలియదు.

కుష్ఠు వ్యాధిని విడాకులకు కారణంగా చూపే వీలు మన చట్టాలలో 2019 వరకు ఉండేది. క్రైస్తవుల వివాహాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కూడా ఉండేది. 2019లో పార్లమెంటు ఐదు చట్టాలనుండి ఆ మాట తొలగించింది. చట్టంలో మాట పోయినంత తేలికగా మనుష్యుల మనస్సులలోనుండి పోదు. హెచ్.ఐ.వి. విషయంలో 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు నుండి అమలులో ఉంది. ఒకరికి హెచ్.ఐ.వి. ఉన్నదన్న సంగతిని వారు తెలిసి, రాసి ఇచ్చిన అంగీకారం లేకుండా బయటపెట్టరాదని ఆ చట్టం చెబుతుంది. చట్టం లేకపోయినా మా అభిప్రాయం ఇదే అయ్యేది. మంచం పక్కన నిలబడి విన్న మాటను నర్సు మోసుకుపోయి బజారులో చెప్పదు.

అందుచేత మేము కమిటీ వారిని కోరింది ఇది. వీడియోలన్నీ మొదట తాళం వేసిన గదివంటి చోటికి వెళ్ళాలి. అక్కడ ఉన్నంతకాలం నియమించిన ఇద్దరు ముగ్గురు తప్ప మరెవరూ చూడరాదు. ఆ విభాగపు సీనియర్ సిస్టరు ఒకరు, డాక్టరుగారు ఒకరు కూర్చొని మొదటినుండి చివరివరకు చూడాలి. వైద్యం ఇప్పటికీ చెల్లుతుందా, ముఖం కనిపించేవారు ఒప్పుకున్నారా అని రెండూ చూసి, సంతకం పెట్టిన తరువాతే ఆ వీడియో బయటికి రావాలి. ప్రతి వీడియో మొదట్లోనే “ఈ పాఠం ఫలానా సంవత్సరంలో తీసినది” అని పెద్ద అక్షరాలతో తెలుగులో కనిపించాలి. పేరు కూడా తెలుగులోనే ఉండాలి. ఇప్పుడు ఉన్న పేర్లు “న్యూ ఫోల్డర్ 2”, “ఫైనల్ ఫైనల్” వంటివి. ఏ బాలింత వెదికి పట్టుకోగలదు?

మరొక పరీక్ష మేము అడిగాము. దానికి కంప్యూటరు చదువు అవసరం లేదు. మార్చడం అయిన రోజున, ఏ పాస్‌వర్డూ లేని ఒక మామూలు ఫోను తీసుకొని తెరిచి చూడాలి. దాచవలసినది కనిపిస్తుందా? కనిపించవలసినది తెరుచుకుంటుందా? పాత చోట ఎవరెవరు చూడవచ్చునని పెట్టిన కట్టుబాట్లు కొత్త చోటికి వాటంతట అవి రావు. వార్డు గోడలకు అంటించిన గళ్ళ చీటీలు, నర్సింగ్ స్కూలు నోట్సులో రాసిన పాత చిరునామాలు కూడా ఇక పనిచేయవు. వాటిని ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. హార్డ్ డిస్కులో ఒక కాపీ ఆసుపత్రిలోనే ఉండాలి, ఇంకొకటి వేరే ఊరిలో ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో కరెంటు, ఫోను రోజుల తరబడి లేని సంగతి మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది.

ఇలా చేస్తే ఆలస్యమవుతుంది. కొన్ని నెలలపాటు కొత్త చోట వీడియోలు కొద్దిగానే కనిపిస్తాయి. ఖాళీగా కనిపిస్తే బాగుండదని కొందరు అన్నారు. సరైనవి పది ఉన్నా మాకు చాలు.

ఓ.పి. హాలులో టి.వి. తీసివేయడానికి కూడా మేము ఒప్పుకోవడం లేదు. మా దగ్గరికి వచ్చే అవ్వలలో చాలామందికి సొంత ఫోను లేదు. ఉన్నా మనుమడి చేతిలో ఉంటుంది.

ఇక మీరు చేయవలసినది. మీరు గాని, మీ ఇంటివారు గాని ఎప్పుడైనా మా ఆసుపత్రి వీడియోలో కనిపించి ఉంటే, దయచేసి నర్సింగ్ ఆఫీసుకు వచ్చి చెప్పండి. ఆ వీడియో మీకు చూపిస్తాము. ఉంచమంటే సంతకం తీసుకొని ఉంచుతాము. ముఖం కనబడకుండా చేయమంటే అలాగే చేస్తాము. వద్దంటే తీసివేస్తాము, కారణం అడగము. మీ వైద్యానికి దీనితో ఏ సంబంధమూ ఉండదు. అప్పట్లో పసిబిడ్డలుగా కనిపించినవారు ఇప్పుడు పెద్దవారై ఉంటారు, వారి మాట వారినే చెప్పనివ్వండి. కనిపించినవారు కన్నుమూసి ఉంటే, ఇంటి పెద్దలు వచ్చి చెప్పినా చాలు.

కాన్పు అయి ఇంటికి వెళ్ళేటప్పుడు మేము ఇచ్చిన పాత సి.డి.లు, క్యాసెట్లు మీ ఇళ్ళలో ఉంటే వాటిని కూడా తెచ్చి ఇవ్వండి. మా బీరువాలో పాడైన పాఠం మీ అటకమీద బాగా ఉండవచ్చు. క్యాసెట్ మీద తెల్లని బూజు కనబడితే ఆడించి చూడవద్దు. టేపు తెగిపోవచ్చు, ఆ బూజు యంత్రానికి కూడా పట్టి తరువాత పెట్టే క్యాసెట్టుకు అంటుకుంటుంది. గుడ్డతో తుడవకుండా, పొడి కాగితపు సంచిలో పెట్టి అలాగే తీసుకురండి.